శస్త్రచికిత్సకు ముందు రక్తపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభ యన్నచో కావ్యప్రశంసయో, మహనీయుల చరిత్రయో వినవచ్చునని అందఱు ఎదురుచూతురు. రక్తమును గూర్చిన ఉపన్యాసము ఇట్టి వేదికకు తగునా యని కొందఱకు తోచవచ్చును. కాని గ్రంథాలయము పుట్టినది పుస్తకములను బీరువాలో భద్రపఱచుటకు కాదు. పుస్తకములోని మాటను ఇంటిలోనికి కొనిపోవుటకు. ఏ యింటికైనను ఒకనాడు శస్త్రచికిత్స యను మాట రాకపోదు. అది కాన్పునకు కోత కావచ్చును. గర్భసంచి తొలగింపు కావచ్చును. ముసలివారి తుంటి యెముక విఱుగుట కావచ్చును. వేమూరునుండి తెనాలికో గుంటూరునకో ప్రయాణమగునపుడు ఇంటివారు డబ్బు లెక్క చూచుకొందురు. తోడు వచ్చువారెవరో చూచుకొందురు. మంచిదినము చూచుకొందురు. చూడని లెక్క ఒక్కటే కలదు. పోవువారి యొంటిలో రక్తపు నిల్వ యెంత? ఆ లెక్కలో స్త్రీకిని పురుషునకును గల భేదమేమి? ఈ యుపన్యాసమునకు విషయమిదియే.

ప్రాచీనులకు రక్తహీనత తెలియని వ్యాధి కాదు. మహాభారతము ఆదిపర్వమున అంబాలిక వ్యాసుని రూపము చూచి భయమున వెలవెలబోయినదనియు, అందుచే ఆమెకు కలిగిన పుత్రుడు తెల్లనివాడై పాండురాజను పేర ప్రసిద్ధుడాయెననియు గాథ కలదు. అది పురాణకథ, వైద్యశాస్త్రము కాదు. ఐనను తల్లి వెలవెలబోయినచో ఆ ఫలము బిడ్డకును తగులునను భావము ఆ కథలో దాగియున్నది. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగమునకు ఒక అధ్యాయమే కేటాయింపబడినది. అందు చెప్పిన నవాయస చూర్ణమునందును, మండూర వటకమునందును ఇనుము చేరియున్నది. శస్త్రవైద్యమునకు ఆదిగురువైన సుశ్రుతుడు రక్తమే దేహమునకు మూలమనియు, దానిని యత్నముతో కాపాడవలెననియు బోధించెను. కత్తి పట్టుట నేర్పిన గురువే ఈ మాట చెప్పుట గమనింపదగినది.

రక్తము ఎఱ్ఱగా నుండుటకు కారణము కణములలోని హిమోగ్లోబిన్ అను పదార్థము. దానిలో ఇనుము కలదు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎక్కించుకొని ఒడలంతటికిని పంచిపెట్టు బండి అది. ఒక్క గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. బండ్లు తగ్గినపుడు గుండె ఉన్న బండ్లనే వడివడిగా త్రిప్పవలసివచ్చును. అందుచేతనే రక్తహీనులకు మెట్లెక్కిన ఆయాసము, గుండెదడ, కన్నులు తిరుగుట కలుగును. లోటు మెల్లమెల్లగా వచ్చినచో దేహము దానికి అలవాటుపడి ఇంటిపనులు చేయుచునే యుండును. బయటకు ఏమియు తెలియదు. శస్త్రచికిత్సనాడు రక్తము పోయినపుడు మాత్రము ఆ దాచిన లోటు ఒక్కసారిగా బయటపడును.

100 మిల్లీలీటర్ల రక్తములో హిమోగ్లోబిన్ పురుషునకు 13 గ్రాములకంటెను, గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకంటెను తగ్గినచో రక్తహీనత యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో కొలత యేర్పఱచినది. 2024లో క్రొత్త మార్గదర్శకములు వెలువరించినపుడును ఈ రెండు అంకెలను మార్చలేదు. ఒక గ్రాము భేదమునకు కారణములు రెండు చెప్పుదురు. పురుషునిలోని టెస్టోస్టిరాన్ అను స్రావము ఎఱ్ఱకణముల ఉత్పత్తిని హెచ్చించును. స్త్రీకి నెలనెలయు రక్తము పోవును. మొదటిది ప్రకృతిసిద్ధము. రెండవదానివలన కలుగు కొఱత చాలవఱకు తీర్పదగినది. తీర్పదగిన కొఱతకు ప్రకృతి యని పేరుపెట్టి ఊరకుండవచ్చునా యన్నది వైద్యులలో కొందఱు వేయుచున్న ప్రశ్న.

కొఱత యెంత విరివిగా నున్నదో చూడుడు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల భారతస్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. అదే వయస్సు పురుషులలో నూటికి 25 మంది. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో ఆ సంఖ్య నూటికి సుమారు 59. కాలువ నీటితో మూడు పూవులు ఆఱు కాయలుగా పండు మాగాణి గల రాష్ట్రమున, అన్నము కొఱతలేని యిండ్లలో సైతము ఇల్లాండ్రకు రక్తము కొఱత. కోడలు కన్నులు తిరుగుచున్నవని గోడ పట్టుకొన్నపుడు అత్తగారు జాలితోనే అనును: “ఆడదానికి ఇది మామూలేనమ్మా, కాస్త కూర్చుని లే.” ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. ఆమెయు కోడలిగా నున్న దినములలో అట్లే గోడ పట్టుకొని నిలిచినది. కాని పదిమందికి ఉన్నంతమాత్రమున వ్యాధి ఆరోగ్యము కాజాలదు.

ఇక అసలు లెక్క. పెద్దవారి దేహములో రక్తము కిలో బరువునకు పురుషునికి సుమారు 70 మిల్లీలీటర్లు, స్త్రీకి సుమారు 65 మిల్లీలీటర్లు ఉండును. 70 కిలోల పురుషుని రక్తము 4,900 మిల్లీలీటర్లు. 50 కిలోల స్త్రీ రక్తము 3,250 మిల్లీలీటర్లు. ఇరువురకు ఒకే విధమైన పెద్ద శస్త్రచికిత్స జరిగి, ఒక్కొక్కరికి ఒక లీటరు రక్తము పోయినదనుకొందము. కత్తికి స్త్రీ పురుష భేదము లేదు. తెగిన రక్తనాళము మనిషి బరువు చూచి కారదు. పురుషునికి పోయినది ఉన్నదానిలో అయిదింట ఒక వంతు. స్త్రీకి పోయినది దాదాపు మూడింట ఒక వంతు.

పోయిన రక్తమునకు బదులు సెలైను ఎక్కించి నాళములు నింపినచో మిగిలిన రక్తము పలుచనగును. 14 గ్రాములతో బల్లమీదికెక్కిన పురుషుడు సుమారు 11 గ్రాములతో దిగును. 12 గ్రాములతో, అనగా కొలత ప్రకారము ఏ లోపమును లేదనిపించుకొని, ఎక్కిన స్త్రీ సుమారు 8 గ్రాములతో దిగును. 10 గ్రాములతో ఎక్కిన స్త్రీ 7 గ్రాములకు చేరును. నిలకడగా నున్న రోగికి హిమోగ్లోబిన్ 7 గ్రాములకు దిగువనైనచో రక్తమెక్కించుటను గూర్చి ఆలోచింపవలెనని, గుండెజబ్బు గలవారికి 8 దగ్గఱనే ఆలోచింపవలెనని సాధారణ నియమము. ఇది స్థూలమైన లెక్క. ప్రతి దేహమును ఈ తక్కెడలో సరిగా తూగదు. ఐనను సంగతి స్పష్టము. చిన్న బానలోనుండియు పెద్ద బానలోనుండియు సమానముగా ముంచినచో చిన్న బాన ముందుగా అడుగంటును. ఆ చిన్న బాన మొదటనే వెలితిగా నున్నచో చెప్పనక్కఱలేదు.

ఈ కారణముచేతనే 2017లో పలుదేశముల వైద్యనిపుణులు కూడి, శస్త్రచికిత్సకు పోవు స్త్రీకిని పురుషునికిని 13 గ్రాములే గమ్యముగా నుండవలెనని తమ అభిప్రాయమును ప్రకటించిరి. ఈ దేశపు రక్తదాన నియమములలో కూడ ఇట్టి వివేకమే కానవచ్చును. రక్తమిచ్చువారు స్త్రీయైనను పురుషుడైనను 12.5 గ్రాముల హిమోగ్లోబిన్, 45 కిలోల బరువు ఉండితీరవలెను. ఒకసారి యిచ్చిన పిమ్మట పురుషుడు 90 దినములు, స్త్రీ 120 దినములు ఆగవలెను. స్త్రీ దేహము నష్టమును పూడ్చుకొనుటకు హెచ్చు కాలము పట్టునని నియమము వ్రాసినవారు గుర్తించిరి. 350 మిల్లీలీటర్లు ఇచ్చుటకే 12.5 కావలెనన్నపుడు, అంతకు రెండింతలు మూడింతలు పోవు అవకాశమున్న శస్త్రచికిత్సకు 12 చాలునని తృప్తిపడుట ఎట్టి లెక్క?

రక్తమెక్కించుట ప్రాణదానమనుటలో సందేహము లేదు. కాని అది దొరకవలెను, గ్రూపు కలియవలెను, దాత రావలెను. ఎంత జాగ్రత్త పడినను పరుని రక్తము పరునిదే. పైగా లోటు కీడు రక్తమెక్కించుటతో ముగియదు. 2011లో లాన్సెట్ అను వైద్యపత్రిక గుండె శస్త్రచికిత్సలు కాని పెద్ద శస్త్రచికిత్సలు జరిగిన 2,27,425 మంది వివరములను ప్రకటించినది. వారిలో నూటికి సుమారు 30 మంది ముందే రక్తహీనులు. ఇతర జబ్బుల ప్రభావమును విడదీసి లెక్కించినను, 30 దినములలోపల మరణించు అవకాశము వారికి సుమారు 1.4 రెట్లుగా కనబడినది. స్వల్ప రక్తహీనతయు నిరపాయకరముగా కనబడలేదు. రక్తహీనతయే వారిని చంపినదని దీని యర్థము కాదు. లోపల దాగిన పెద్ద జబ్బునకు అది గుర్తు మాత్రమే కావచ్చును. ఏ విధముగా చూచినను అలక్ష్యము చేయదగిన గుర్తు కాదు.

ఈ లోటు స్త్రీకి ఎట్లు వచ్చును, పురుషునికి ఎట్లు వచ్చును? దేహము ఆహారమునుండి దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుమును మాత్రమే రక్తములోనికి తీసికొనును. జమ అంతియే. స్త్రీకి నెలసరిలో సాధారణముగా 30 మొదలు 40 మిల్లీలీటర్ల రక్తము పోవును. దానితో సుమారు 15 మొదలు 20 మిల్లీగ్రాముల ఇనుము పోవును. 80 మిల్లీలీటర్లు దాటినచో అది అధికస్రావము. ఒక్క గర్భధారణకు సుమారు 1 గ్రాము, అనగా 1,000 మిల్లీగ్రాముల ఇనుము వ్యయమగును. కాన్పులు దగ్గఱదగ్గఱగా వచ్చినచో మొదటి యప్పు తీఱకముందే రెండవ యప్పు చేరును. బురదనేలపై చెప్పులు లేని కాళ్లతో తిరుగువారికి కొంకిపురుగు పట్టినచో అది ప్రేగులలో కూర్చుండి రక్తమును పీల్చుచుండును. ఇంటిలో అందఱు తిన్న పిమ్మట అడుగున మిగిలినది తినునది ఎవరో చెప్పనక్కఱలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము, స్త్రీకి 29 మిల్లీగ్రాములు ఆహారమున ఉండవలెనని నిర్ణయించినది. ఎక్కువ కావలసినవారికి తక్కువ వడ్డించుట ఇండ్లలో ఆచారమైనది.

ఇంకొక విచిత్రము కలదు. గర్భసంచి తొలగింపునకు పోవు స్త్రీలలో చాలమంది అధిక రక్తస్రావముచేతనే పోవుదురు. ఏ వ్యాధి వారిని కత్తి దగ్గఱకు పంపుచున్నదో, ఆ వ్యాధియే వారి నిల్వను ముందుగా దోచుకొనుచున్నది. అదే 2019–21 సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 9. కావున ఈ మాట తక్కిన రాష్ట్రములకంటె ఇచ్చట ఎక్కువగా చెప్పవలసియున్నది. ఆ శస్త్రచికిత్స నిజముగా అవసరమా యని రెండవ వైద్యుని అడుగుట తప్పు కాదు. అవసరమని తేలినచో స్రావమును మందుతో అదుపుచేసి, రక్తము పట్టించి, పిదప పోవుట క్షేమము.

పురుషుని సంగతి వేఱు. అతనికి నెలసరి వ్యయము లేదు. వ్యయము లేని పద్దులో నిల్వ తగ్గినదన్నచో ఎచ్చటనో తెలియని ఖర్చు జరుగుచున్నది. కాలువకు కనబడని గండి పడినది. కడుపులో పుండు కావచ్చును. కీళ్లనొప్పులకు తానే కొని మ్రింగిన బిళ్లలు కడుపును ఒరసి రక్తము కార్చుచుండవచ్చును. మొలలు కావచ్చును. పెద్దప్రేగులో పుట్టిన క్యాన్సరు కావచ్చును. ఇనుపబిళ్లలు వాడునపుడు మలము నల్లబడుట సహజము; వాడకయే తారువలె నల్లబడినచో వైద్యుని వెంటనే చూడవలెను. నెలసరి ఆగిపోయిన స్త్రీలకును ఈ నియమమే. పురుషునికి నాలుగు ఇనుపబిళ్లలిచ్చి అంకె పెరిగినదని సంతోషించి పంపుట, గండి వెదకక కాలువలో నీరు పోయుట వంటిది.

భేదమును క్లుప్తముగా చెప్పవలెనన్న ఇంతియే. స్త్రీ విషయమున జరుగు తప్పు, కారణము తెలిసియు లోటు తీర్పకుండుట. పురుషుని విషయమున జరుగు తప్పు, లోటు తీర్చియు కారణము వెదకకుండుట. ఆమెది మామూలని విడిచెదరు. ఆయనది బలహీనతయని విడిచెదరు. ఇరువురును లోటుతోనే బల్ల ఎక్కుదురు.

లోటు తీర్చుటకు ఎంత కాలము పట్టును? 50 కిలోల స్త్రీకి 9 గ్రాముల హిమోగ్లోబిన్‌ను 13కు పెంచి, దేహపు నిల్వను కూడ నింపుటకు సుమారు 1,000 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. 2018లో ప్రారంభమైన రక్తహీనతా నివారణ పథకము క్రింద గర్భిణులకిచ్చు ఎఱ్ఱబిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము కలదు. అందులో దేహమునకు పట్టునది పదింట ఒక వంతునుండి అయిదింట ఒక వంతు వఱకు. దినమునకు 10 మిల్లీగ్రాములు పట్టినదనుకొన్నను నూఱు దినముల పని. శస్త్రచికిత్సకు వారము ముందు బిళ్లలు మొదలుపెట్టుట, నాట్లు వేసిన వారమునకే కోత కోరుట వంటిది. బిళ్లలు పడనివారికిని, వ్యవధి తక్కువైనవారికిని నరము ద్వారా ఇనుమును ఎక్కింతురు. దానికిని ఫలము కనబడుటకు వారములు కావలెను. అది సర్వరోగనివారిణి యనియు భ్రమపడరాదు. కడుపు శస్త్రచికిత్సలకు 10 మొదలు 42 దినముల ముందు అట్లు ఇనుమునెక్కించి చూచిన బ్రిటన్ పరిశోధన ఫలితము 2020లో వెలువడినది. హిమోగ్లోబిన్ పెరిగినది; పిదప మరల ఆసుపత్రిలో చేరినవారు తగ్గిరి; కాని రక్తమెక్కించుటయు మరణములును తగ్గినట్లు కనబడలేదు. కడపటి ఘడియలో చేయు సవరణకంటె ముందుచూపే మేలని దీనివలన గ్రహింపవచ్చును.

అన్ని రక్తహీనతలును ఇనుపలోటువలన కలుగవు. ఆ యెఱ్ఱబిళ్లలోనే ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము 500 మైక్రోగ్రాములు కలదు. దాని కథ తెలుగువారు తెలిసికొనదగినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. ఇనుముతో కుదురని ఆ వ్యాధి ఈస్టుసారముతో కుదురుట కనుగొని 1931లో ప్రకటించెను. అందులోని పదార్థమేదో ఆనాటికి తెలియదు. అదే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణివ్యాధితో యౌవనముననే మరణించిరి. ఆ వ్యాధిలో వచ్చు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందైనది. సుబ్బారావు 1948లో కీర్తిశేషుడాయెను. బొంబాయి మిల్లు కూలీస్త్రీల కష్టమునుండి పుట్టిన ప్రశ్నకు ఒక తెలుగుబిడ్డ సమాధానము చెప్పెను. ఆ సమాధానమును ఇంటి గూటిలో పెట్టి మఱచుట న్యాయము కాదు.

ఆహారమును గూర్చి రెండు మాటలు. తోటకూర, మునగాకు, రాగులు, ఉలవలు, నువ్వులు మంచివే. మాంసాహారులకు కాలేయము, మాంసము, చేపలు ఇంకను సులభముగా పట్టును. ఆకుకూరలోని ఇనుము తక్కువగా పట్టును. నిమ్మరసము తోడైనచో హెచ్చుగా పట్టును. తెనాలి నిమ్మకాయల బజారు ఇంత దగ్గఱనుండగా ఈ సాయమునకు కొఱతలేదు. భోజనముతోను, బిళ్లతోను టీ కాఫీలు త్రాగినచో ఇనుము పట్టుట తగ్గును. గంటో రెండు గంటలో ఎడముంచవలెను. ఐనను ఆహారము నిల్వను కాపాడునే గాని, పేరుకొన్న పాతబాకీని తానొక్కటే త్వరగా తీర్పజాలదు.

ఆచరణలో చేయవలసినది కొంచెమే. శస్త్రచికిత్స మాట వచ్చిన నాడే, తేదీ కుదుర్చుకొనకముందే, హిమోగ్లోబిన్ పరీక్ష చేయింపవలెను. అంకెను కాగితముమీద వ్రాయించుకొనవలెను. “పరవాలేదు” అన్న మాట అంకె కాదు. 13కు తక్కువైనచో స్త్రీయైనను పురుషుడైనను కారణమేమని అడుగవలెను. దేహపు ఇనుప నిల్వను తెలుపు ఫెరిటిన్ పరీక్ష అవసరమా యని అడుగవలెను. హిమోగ్లోబిన్ బాగున్నను నిల్వ అడుగంటియుండవచ్చును. బి12 లోపము, మూత్రపిండముల జబ్బు, పుట్టుకతో వచ్చు రక్తదోషములు కూడ ఉండవచ్చును గనుక ఎవరికి వారు బిళ్లలు కొని మ్రింగుట తగదు. తొందరలేని శస్త్రచికిత్సయైనచో కొన్ని వారములు ఆగవచ్చునా యని వైద్యుని అడుగవలెను. విఱిగిన తుంటి, అడ్డము తిరిగిన కాన్పు, పెరుగుచున్న క్యాన్సరు ఆగనీయవు. అట్టియెడ వైద్యుని మాటయే శిరోధార్యము.

గ్రంథాలయమునుండి ఒక పుస్తకము బయటకు పోయినచో రిజిస్టరులో పద్దు పడును. తిరిగి రాకున్నచో ఎవరో ఒకరు అడుగుదురు. ఈ కట్టుబాటుచేతనే ఇరువదియైదు సంవత్సరములు గడచినను బీరువాలు నిండుగా నున్నవి. ఇంటి ఇల్లాలి రక్తమునకు ఆపాటి రిజిస్టరైనను లేకపోవుట శోచనీయము. ఏండ్ల తరబడి ఆమె ఖాతానుండి పోయినది ఎవరును వ్రాయలేదు, తిరిగి జమ చేయుమని ఎవరును అడుగలేదు. ఈ సభనుండి ఇండ్లకు మరలు ప్రతివారును ఇంటిలోని స్త్రీల అంకె, పెద్దవారి అంకె ఒక కాగితముపై వ్రాసి పంచాంగములో పెట్టుకొన్నచో, ఈ రజతోత్సవము మాటలతో గాక పనితో జరిగినట్లగును. శస్త్రచికిత్స చేయునది వైద్యుడే. కాని ఆ బల్లమీదికి నిండుకుండగా పంపవలసినది ఇల్లు.

స్వస్తి.